విమానాల్లేని పారాచూట్ డివిజన్: 44వ ఇండియన్ ఎయిర్‌బోర్న్ ఎందుకు దూకలేదు?

క్లుప్తంగా: రెండో ప్రపంచ యుద్ధ కాలంలో భారత సైన్యంలో ఒక పారాచూట్ డివిజన్ ఏర్పడింది. యుద్ధం ముగిసేలోగా ఆ డివిజన్ నుంచి శత్రువు ఉన్న చోట దూకింది ఒక్క బెటాలియన్ మాత్రమే. మనుషులకు, శిక్షణకు కొరత లేదు. వాళ్లను మోయాల్సిన విమానాలే బర్మా రంగంలో సైన్యానికి తిండి, మందుగుండు మోస్తున్నాయి. 1947లో ఈ డివిజన్‌ను భారత్, పాకిస్తాన్ పంచుకున్నాయి.

పేర్ల తికమక

పారాట్రూపర్ల గురించి వార్త వచ్చినప్పుడల్లా 50వ పారాచూట్ బ్రిగేడ్, పారాచూట్ రెజిమెంట్, పారా స్పెషల్ ఫోర్సెస్ అనే మూడు పేర్లు ఒకదానికొకటి పర్యాయపదాల్లా వినబడతాయి. నిజానికి ఇవి వేర్వేరు. రెజిమెంట్ అంటే మన సైన్యంలో ఒక కుటుంబం వంటిది. బెటాలియన్లకు పేరు, చిహ్నం, సంప్రదాయం దాని నుంచే వస్తాయి, అయితే అది మొత్తంగా ఒకే చోట యుద్ధం చేయదు. యుద్ధరంగంలో నిలిచేది బ్రిగేడ్. మూడు నాలుగు బెటాలియన్లు, వాటికి తోడు ఫిరంగులు, ఇంజనీర్లు, వైద్యులు అందులో ఉంటారు. అలాంటి రెండు మూడు బ్రిగేడ్లను ఒక మేజర్ జనరల్ కింద పెడితే డివిజన్ అవుతుంది. స్పెషల్ ఫోర్సెస్ బెటాలియన్లు 1960ల తరువాత వచ్చినవి, ఈ కథలో వాటికి చోటు లేదు.

ఈ రోజు భారత్‌లో పారాచూట్ డివిజన్ లేదు, 50వ బ్రిగేడ్ ఒక్కటే ఉంది. అది ఎలా పుట్టిందని అడిగితే, జవాబు కోసం 1941 నాటి ఢిల్లీకి వెళ్లాలి.

క్రీట్ దీవి నుంచి రెండు పాఠాలు

1941 మే 20న జర్మన్ పారాట్రూపర్లు మధ్యధరా సముద్రంలోని క్రీట్ దీవి మీద దూకారు. దీవి వాళ్ల చేతికి చిక్కింది. దానికి వాళ్లు చెల్లించిన మూల్యం వేల ప్రాణాలు. ఆ నష్టం చూసిన హిట్లర్ పారాచూట్ దాడుల కాలం ముగిసిందనుకున్నాడు. జర్మన్ పారాచూట్ డివిజన్లు ఆ తరువాత ఎక్కువగా మామూలు పదాతి దళాల్లాగే నేల మీద పోరాడాయి. అవతలి పక్షం అదే యుద్ధం నుంచి తలకిందులుగా ఉన్న పాఠం తీసుకుంది. ఆకాశం నుంచి దిగిన సేన ఒక దీవిని గెలవగలిగితే మనకూ అలాంటి సేన కావాలనుకున్నారు బ్రిటిష్, అమెరికన్ సేనానులు. ఓడినవాళ్లు మెచ్చిన ఆయుధాన్ని గెలిచినవాడు పక్కన పెట్టడం యుద్ధ చరిత్రలో అరుదుగా కనిపించే సంగతి.

1941 అక్టోబరులో ఢిల్లీలో 50వ ఇండియన్ పారాచూట్ బ్రిగేడ్ ఏర్పడింది. అందులో మూడు బెటాలియన్లు: 151వది బ్రిటిష్, 152వది భారతీయ, 153వది గూర్ఖా. ఇప్పుడు సఫ్దర్‌జంగ్‌గా పిలిచే అప్పటి విల్లింగ్డన్ విమానాశ్రయంలో శిక్షణ బడి పెట్టారు. బడికి దొరికినవి వాలెంషియా అనే పాతకాలపు రెండంతస్తుల రెక్కల విమానాలు. వాటి నేలకు పెట్టిన కంతలోంచి మనిషి కిందికి జారాలి. పారాచూట్లకు కూడా కరువే. ఇంగ్లాండు నుంచి వచ్చేదాకా ఎదురుచూడాల్సిన పరిస్థితి, కాన్పూర్‌లో తయారీ ఊపందుకున్నాక గానీ తీరలేదు.

పారాచూట్‌తో దూకిన మొదటి భారతీయ సైనికులుగా ఇద్దరి పేర్లు చరిత్రలో నిలిచాయి. ఒకరు 152వ బెటాలియన్ వైద్యాధికారి లెఫ్టినెంట్ ఎ.జి. రంగరాజ్, మరొకరు హవల్దార్ మేజర్ మథురా సింగ్. ఒక డాక్టరు ముందు వరుసలో ఉండటం వింతగా తోచవచ్చు. పారాచూట్ దళంలో మాత్రం అది మామూలే, ఎందుకంటే శత్రువు వెనుక దిగినవారి దగ్గరికి అంబులెన్సు రాదు. గాయపడినవారిని చూడాల్సిన వైద్యుడు కూడా వాళ్లతోపాటే దూకాలి.

తరువాత శిక్షణ బడిని రావల్పిండి దగ్గరి చక్లాలాకు మార్చారు. 1942లో చిన్న చిన్న బృందాలు ఉత్తర బర్మాలో దిగాయి. అదే ఏడాది సింధ్‌లో తిరుగుబాటు చేస్తున్న హుర్లు అనే ముస్లిం వర్గం మీదికి 152వ బెటాలియన్ నుంచి ఒక కంపెనీని దించారు. భారతీయ పారాట్రూపర్ల తొలి కార్యాచరణల్లో ఒకటి సొంత గడ్డ మీది తిరుగుబాటుదార్లపై జరగడం వలస సైన్యపు స్వభావానికి తగినట్టే ఉంది. దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఆ ఏడాది చివర్లో 151వ బ్రిటిష్ బెటాలియన్ మధ్యప్రాచ్యానికి వెళ్లిపోయి 156వ నంబరు తీసుకుంది. దాని స్థానంలో 154వ గూర్ఖా బెటాలియన్ వచ్చింది.

సాంగ్షాక్: నేల మీద నడిచిన పారాట్రూపర్లు

1944 మార్చి తొలి పక్షంలో బర్మా సరిహద్దు మీద రెండు సంగతులు దాదాపు ఒకేసారి జరిగాయి. జనరల్ వింగేట్ చిందిత్ దళాలు ఇంజిన్ లేని గ్లైడర్లలో, డకోటా రవాణా విమానాల్లో జపాన్ సేనల వెనుక భాగానికి చేరాయి. మార్చి 5 రాత్రి మొదలైన ఆ ప్రయాణంలో వారం తిరిగేసరికి దాదాపు 9,000 మంది అడవి మధ్య దిగారు. వాళ్లలో చాలామంది మామూలు పదాతి సైనికులు, పారాచూట్ ముఖం చూసినవాళ్లు కారు. మరోవైపు దాదాపు రెండున్నరేళ్లుగా దూకడమే నేర్చుకుంటున్న 50వ పారాచూట్ బ్రిగేడ్ అడవి యుద్ధంలో శిక్షణ కోసమని కోహిమా, ఉఖ్రూల్ కొండల్లోకి లారీల మీద, కాలినడకన చేరింది. విమానాలు వీళ్ల తలల మీదుగా వేరేవాళ్లను మోసుకుపోయాయి.

ప్రశాంతంగా ఉండే ప్రాంతమని చెప్పి పంపిన చోటికే జపాన్ సైన్యం వచ్చింది. కోహిమాకు దారి తీసిన 31వ జపాన్ డివిజన్ ఎడమ పార్శ్వం, మేజర్ జనరల్ మియజాకి నాయకత్వంలో ఈ కొండల గుండానే నడిచింది. మార్చి 19న 7,378 అడుగుల ఎత్తున్న ఒక గుట్ట మీద కాపలా ఉన్న 152వ బెటాలియన్ సి కంపెనీ మీద దాడి మొదలైంది. మర్నాటికి ఆ కంపెనీలో మిగిలింది గుప్పెడు మంది.

బ్రిగేడియర్ హోప్ థామ్సన్ మిగతావాళ్లను సాంగ్షాక్ అనే నాగా గ్రామం దగ్గరి గుట్ట మీదికి చేర్చాడు. 5వ మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీ 4వ బెటాలియన్, నేపాల్‌కు చెందిన కాలీబహదూర్ రెజిమెంట్ సైనికులు, ఒక కొండ ఫిరంగుల దళం కూడా అక్కడికే చేరాయి. పొడవు సుమారు ఎనిమిది వందల గజాలు, వెడల్పు అందులో సగం ఉన్న చిన్న మిట్ట అది. ఒక కొసన చర్చి ఉండేది. మూడడుగులు తవ్వేసరికి రాయి తగలడంతో మనిషి నిలువునా దాగే కందకం కుదరలేదు. ముళ్లతీగ లేదు. నీటికి ఇబ్బంది. సుమారు రెండు వేల మంది, చచ్చిన కంచర గాడిదల మధ్య ఆ మిట్ట మీద మార్చి 26 రాత్రి దాకా నిలిచారు. చర్చి చేతులు మారుతూ వచ్చింది.

వాళ్లకు సరుకులు పారాచూట్లతోనే వచ్చాయి. లక్ష్యం మరీ చిన్నది కావడంతో డకోటాలు విడిచిన మూటల్లో ఎక్కువ భాగం గాలికి కొట్టుకుపోయి జపాన్ సైనికుల చేతుల్లో పడింది. ఆకలితో ఉన్న ఆ సైనికులకు బ్రిటిష్ డబ్బా మాంసం, తూటాలు ఉచితంగా అందాయి. పారాచూట్ గురించి అందరికంటే బాగా తెలిసిన బ్రిగేడ్ తన కళ్లముందే తన తిండి పక్క గుట్ట మీద దిగడం చూసింది. ఇంత చిన్న చోటికి పైనుంచి ఏదైనా కచ్చితంగా చేర్చడం ఎంత కష్టమో అంతకంటే బాగా చెప్పే ఉదాహరణ దొరకదు.

మార్చి 26 రాత్రి, చేతనైనవాళ్లు చీకట్లో అడవిలోకి దిగి ఇంఫాల్ దారి పట్టాలని ఉత్తర్వు వచ్చింది. ఈ పోరులో బ్రిగేడ్ సుమారు ఆరు వందల మందిని పోగొట్టుకుంది. ఓటమి కింద లెక్క వేయాల్సిన ఈ యుద్ధానికి మరో ముఖం కూడా ఉంది. చనిపోయిన ఒక జపాన్ అధికారి దగ్గర దాడి ప్రణాళిక ఉన్న మ్యాపు దొరికింది. దానికి నకళ్లు తీసి శత్రు వలయం దాటించి ఇంఫాల్‌కు చేరవేశారు. మియజాకి సేనలకు ఈ గుట్ట దగ్గర దాదాపు వారం పోయింది. ఏప్రిల్ మొదటి వారంలో వాళ్లు కోహిమా చేరేసరికి కిందనున్న దిమాపూర్‌కు విమానాల్లో అదనపు బలగాలు వచ్చేశాయి. ఆ వారమే లేకపోతే కోహిమా నిలిచేదా అన్నది చరిత్రకారులు ఇప్పటికీ తర్కించే విషయం. తొలుత వచ్చిన విమర్శల తరువాత బర్మా రంగంలోని 14వ సైన్యానికి అధిపతి అయిన జనరల్ స్లిమ్ బ్రిగేడ్‌ను మెచ్చుకుంటూ ప్రత్యేక ఉత్తర్వు వెలువరించాడు.

కాగితం మీద పూర్తయిన డివిజన్

బ్రిగేడ్ ఇలా సాంగ్షాక్‌లో నలిగిన కొద్ది వారాలకే దాన్ని కేంద్రంగా చేసుకుని 44వ ఇండియన్ ఎయిర్‌బోర్న్ డివిజన్ పుట్టింది. నంబరు పాతది. అప్పటికే ఉన్న 44వ ఆర్మర్డ్ డివిజన్ ప్రధాన కార్యాలయాన్ని ట్యాంకుల నుంచి పారాచూట్లకు మార్చారు. నాయకత్వానికి మేజర్ జనరల్ ఎరిక్ డౌన్ వచ్చాడు. ఆయన బ్రిటిష్ 1వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌ను నడిపిన అనుభవజ్ఞుడు. అక్కడ ఆయన కుర్చీలో కూర్చున్న అర్కహార్ట్‌కు అంతకుముందు పారాచూట్ దళాలతో పరిచయమే లేదు. అనుభవం ఉన్నవాడు విమానాలు లేని చోటికి, అనుభవం లేనివాడు విమానాలు ఉన్న చోటికి వెళ్లారన్నమాట.

డివిజన్ కింద 50వ బ్రిగేడ్‌తోపాటు చిందిత్‌లలోంచి వచ్చిన మరో రెండు బ్రిగేడ్లు చేరాయి. 77వది పారాచూట్ బ్రిగేడ్‌గా మారింది. 14వది గ్లైడర్లలో దిగే దళం. 1945 మార్చిలో ఇండియన్ పారాచూట్ రెజిమెంట్ ఏర్పడింది. అప్పుడు 152వ బెటాలియన్‌ను విడదీసి హిందువులతో ఒకటి, ముస్లింలతో ఒకటి, రెండు బెటాలియన్లు చేశారు. వలస సైన్యంలో కులమత వర్గాల ప్రకారం దళాలను కూర్చడం పాత అలవాటే. రెండేళ్ల తరువాత పంపకం వచ్చినప్పుడు మాత్రం ఆ గీత ముందే గీసి ఉంచినట్టయింది.

ఒక డకోటాకు ఇరవై మంది

పారాచూట్ డివిజన్‌లో సైనికులు సగం, విమానాలు సగం. డకోటా విమానంలో పూర్తి సరంజామాతో ఇరవై మంది లోపే పడతారు. వాళ్ల పారాచూట్ల తాళ్లను విమానం లోపలి తీగకు తగిలిస్తారు. మనిషి తలుపు దాటగానే ఆ తాడు గొడుగును లాగి విప్పుతుంది. ఒక్కొక్కరికి ఒక్కో సెకను చొప్పున ఆలస్యమైనా, ఆ సెకనులో విమానం అరవై డెబ్భై గజాలు ముందుకు పోతుంది. కాబట్టి మొదట దూకినవాడికి, చివర దూకినవాడికి మధ్య నేల మీద కిలోమీటరుకు పైగా దూరం ఏర్పడుతుంది. విడివిడిగా పడినవాళ్లు తిరిగి కూడేలోగా శత్రువు తేరుకుంటాడు. అందువల్ల అందరినీ ఒకే విడతలో, ఒకే చోట దించడం ప్రాణావసరం. వెంట తెచ్చుకున్న తిండి, తూటాలు రెండు మూడు రోజులకు మించి రావు. ఆలోగా నేల మీద నడిచి వచ్చే సేన వాళ్లను కలవాలి, లేదంటే విమానాలు మళ్లీ రావాలి.

1945 మేలో రంగూన్ దగ్గర (ఆ కథ కింద వస్తుంది) సుమారు 700 మందిని దించడానికి దాదాపు 40 డకోటాలు పట్టాయి. ఈ లెక్కన 2,000 మంది దూకే ఒక బ్రిగేడ్‌కు నూట పది విమానాలకు పైగా కావాలి. గ్లైడర్లు, ఫిరంగులు, జీపులు కలిపి మొత్తం డివిజన్‌కైతే కొన్ని వందలు. ఐరోపాలో మిత్ర రాజ్యాల దగ్గర అన్ని ఉన్నా చాల్లేదు. 1944 సెప్టెంబరు 17న హాలండ్‌లో మూడు పారాచూట్ డివిజన్లను ఒకేసారి దించాలనుకున్నప్పుడు విమానాలు చాలక బ్రిటిష్ 1వ డివిజన్‌ను మూడు రోజుల మీద, మూడు విడతలుగా పంపాల్సి వచ్చింది. మొదటి విడతలో దిగినవాళ్లలో చాలామంది తరువాతి విడతలకు మైదానాలు కాపాడుతూ ఉండిపోయారు. లక్ష్యమైన ఆర్నెమ్ వంతెన దాకా చేరింది కొద్దిమందే. దాదాపు 10,000 మందిలో నది దాటి వెనక్కి వచ్చినవారు 2,400 లోపే. ఢిల్లీలో 151గా పుట్టి 156గా మారిన బెటాలియన్ కూడా ఆ యుద్ధంలోనే తుడిచిపెట్టుకుపోయింది.

బర్మాలో సమస్య ఇంకా మౌలికమైనది. స్లిమ్ సైన్యానికి రైలు లేదు, దారులు బురద, వానాకాలం ఆరు నెలలు. చుట్టుముట్టిన ఇంఫాల్‌కు రోజూ వందల టన్నుల సరుకు విమానాల్లోనే వచ్చేది. రంగూన్ వైపు సాగిన సేన కూడా డకోటాల మీదే బతికింది. అంటే ఒక డకోటా ఇరవై మంది పారాట్రూపర్లను మోసిన రోజున ఎక్కడో ఒక పదాతి కంపెనీకి రెండున్నర టన్నుల తిండి, మందుగుండు అందకుండా పోతుంది. మొత్తం విమానాలే తక్కువ, అందులో వాటాదార్లు ఎక్కువ. హిమాలయాల మీదుగా చైనాకు సరుకు పంపే అమెరికన్లది మరో వాటా. 1944 డిసెంబరు 10 తెల్లవారుజామున 75 డకోటాలను స్లిమ్ చేతిలోంచి తీసి చైనాకు పంపేశారు. అప్పటికే సాగుతున్న సేనకే విమానాలు చాలనప్పుడు, దూకడానికి ఎదురుచూస్తున్న డివిజన్‌ను పట్టించుకునేవారెవరు?

సరుకు దించే పారాచూట్లకు పట్టు దొరక్కపోతే కలకత్తా మిల్లుల జనపనారతో చేయించాడు స్లిమ్. వాటి ఖర్చు మామూలు పారాచూట్‌లో ఇరవయ్యో వంతు. బియ్యం బస్తాకు అవి చక్కగా సరిపోయాయి. గుడ్డ కొరతకు ఇలా ఉపాయం దొరికింది గానీ ఇంజిన్ల కొరతకు దొరకలేదు.

ఎలిఫెంట్ పాయింట్: ఒక్క బెటాలియన్ వంతు

1945 మే నాటికి వానలు ముంచుకొస్తున్నాయి. అవి ముదిరితే విమానాలు, దారులు రెండూ ఆగిపోతాయి కాబట్టి రంగూన్ రేవు వెంటనే కావాలి. 26వ ఇండియన్ డివిజన్ సముద్రం మీద నుంచి నదిలోకి రావాలంటే నది ముఖద్వారంలోని ఎలిఫెంట్ పాయింట్ ఫిరంగులను ముందే నోరుమూయించాలి. పారాచూట్ దళం మాత్రమే చేయగల పని ఇన్నాళ్లకు ఎదురైంది. అప్పుడు కూడా డివిజన్‌కు వచ్చిన వంతు ఒక బెటాలియన్. రెండు గూర్ఖా బెటాలియన్లలోంచి మనుషులను కలిపి ఒక దళంగా కూర్చారు.

మే 1 తెల్లవారుతుండగా, బర్మా తీరంలోని అక్యాబ్ నుంచి బయలుదేరిన డకోటాల నుంచి వాళ్లు లక్ష్యానికి కొన్ని మైళ్ల దూరంలో దూకారు. దిగడం సాఫీగా సాగింది. నష్టం సొంత విమానాల నుంచి వచ్చింది. పాయింట్ మీద బాంబులు వేయాల్సిన లిబరేటర్ విమానాల్లో కొన్ని ముందుగానే విడవడంతో ఆగి ఎదురుచూస్తున్న గూర్ఖాల్లో పదిహేను మంది దాకా చనిపోయారు, ముప్పై మంది వరకు గాయపడ్డారు. తరువాత కుండపోత వానలో నడిచి సాయంత్రానికి బంకర్లను చేరుకున్నారు. లోపల ఉన్నది నలభై మంది లోపు జపాన్ సైనికులు. మంటలు చిమ్మే ఆయుధాలతో జరిగిన పోరులో ఒక్కడు తప్ప ఎవరూ మిగల్లేదు.

మర్నాడు నౌకలు నదిలోకి వచ్చాయి. రంగూన్ అప్పటికే ఖాళీ. జపాన్ సేన ఏప్రిల్ చివర్లోనే నగరం విడిచింది. జైల్లోని యుద్ధ ఖైదీలు ఆ కబురును పైకప్పు మీద పెద్ద అక్షరాలతో రాసి విమానాలకు చూపించారు. కాపలా లేని నగరానికి దారి తెరవడానికి ఆ ప్రాణాలు పోయాయన్నది వెనక్కి చూసినప్పుడు తెలిసే సంగతి. దూకే గంటకు ఆ విషయాన్ని రూఢిగా తేల్చుకునే వీలు లేదు.

మలయా కోసం వేసిన పథకాలు ఆగస్టులో జపాన్ లొంగిపోవడంతో అక్కరలేకపోయాయి. చివరగా మిగిలిన పారాచూట్ పని యుద్ధ ఖైదీల శిబిరాల్లో చిన్న వైద్య బృందాలు దిగడం.

పంపకం, ఆ తరువాత

యుద్ధం ముగిశాక డివిజన్‌కు 2వ ఇండియన్ ఎయిర్‌బోర్న్ అని పేరు మార్చారు. పారాచూట్ రెజిమెంట్‌ను 1946లో రద్దు చేసి, దాని బెటాలియన్ల స్థానంలో మామూలు పదాతి రెజిమెంట్ల బెటాలియన్లను తెచ్చారు. 1947లో బల్లలు, లారీలు, బ్యాండు వాయిద్యాలు పంచుకున్నట్టే బ్రిగేడ్లనూ పంచారు. 50వది, 77వది భారత్‌కు, 14వది పాకిస్తాన్‌కు. చక్లాలా బడి అవతల ఉండిపోయింది, ఇవతల ఆగ్రా కేంద్రమైంది.

కొద్ది నెలలకే ఆ రెండు భారత బ్రిగేడ్లు కశ్మీర్‌లో ఉన్నాయి, మళ్లీ నేల మీదే. నౌషేరా, ఝంగర్‌లలో 50వ పారా బ్రిగేడ్‌ను నడిపిన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ 1948 జులై 3న ఫిరంగి గుండు తగిలి మరణించాడు. పాకిస్తాన్‌ను కాదని భారత సైన్యాన్ని ఎంచుకున్న అధికారి ఆయన. మరణానంతరం మహావీర్ చక్ర దక్కింది. అదే ఏడాది నవంబరులో 77వ బ్రిగేడ్ జోజి లా కనుమను ట్యాంకుల సాయంతో గెలిచింది. సాంగ్షాక్‌లో మొదలైన అలవాటే ఇది: పారాట్రూపర్లంటే ఏరికోరి తీసుకున్న పదాతి సైనికులు, అవసరం పడిన చోట నిలబెట్టవచ్చు. విమానాలు తక్కువగా ఉన్న ఏ సైన్యమైనా పారాచూట్ దళాన్ని చివరికి ఇలాగే వాడుతుంది. జర్మన్లు క్రీట్ తరువాత చేసిందీ ఇదే.

రంగరాజ్ మాత్రం మళ్లీ దూకాడు. 1951 మార్చిలో కొరియాలోని మున్సాన్ దగ్గర అమెరికన్ పారాట్రూపర్లతోపాటు తన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ బృందంతో దిగాడు. ఆయనకూ మహావీర్ చక్ర లభించింది. 1952లో పంజాబ్, మరాఠా, కుమావూ రెజిమెంట్ల బెటాలియన్లను కలిపి ఇప్పటి పారాచూట్ రెజిమెంట్‌ను స్థాపించారు.

భారత సైన్యం ఒక పూర్తి బెటాలియన్‌ను శత్రువు వెనుక దించే అవకాశం 1971 డిసెంబరు 11న వచ్చింది. తూర్పు పాకిస్తాన్‌లోని టంగాయిల్ దగ్గర 50వ బ్రిగేడ్‌కు చెందిన 2వ పారా బెటాలియన్ సాయంత్రం వేళ దూకింది. కొందరు చెరువుల్లో, వరి పొలాల్లో చెల్లాచెదురుగా పడ్డారు. అయినా రాత్రికల్లా కూడి పూంగ్లీ వంతెన పట్టుకున్నారు. మర్నాడే ఉత్తరం నుంచి నేల మార్గాన వస్తున్న సేన వాళ్లను కలుసుకుంది. ఆ సాయంత్రం వాళ్లను మోసిన విమానాల్లో సోవియట్ ఎ.ఎన్-12లు ఉన్నాయి, ప్యాకెట్ అనే అమెరికన్ రవాణా విమానాలు ఉన్నాయి, పాత డకోటాలు కూడా ఉన్నాయి.